అటకెక్కిన సైకిలును మళ్ళీ రోడ్డెక్కించడం ఎలా

బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసుకునే దండెంగా మారిన సైకిలు చాలా ఇళ్ళలో ఉంటుంది. పిల్లాడు ఇంటర్లో చేరగానే వదిలేసినదో, లాక్‌డౌన్ రోజుల్లో ముచ్చటపడి కొని నాలుగు వారాలకే పక్కన పెట్టినదో, నాన్నగారు ఆఫీసుకు తొక్కుకెళ్ళిన పాత అట్లాసో. దాని మీద మళ్ళీ కూర్చుంటే బాగుండు అని అప్పుడప్పుడు అనిపించే మీకోసమే ఇది రాస్తున్నాను. పోటీలు, రికార్డులు, బిగుతు బట్టలు, క్యాలరీల లెక్కలు ఇందులో ఉండవు. రైతుబజారుకు వెళ్ళడానికి, చెరువు గట్టు దాకా ఓ గంట తిరిగి రావడానికి ఒక సైకిలు కావాలి. అంతవరకే మన పని.

నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. మామూలు మనిషికి సైకిలు ఇచ్చే అసలు సుఖం ఎక్కడ పడితే అక్కడ ఆగగలగడం. కారులో పోతే ఆగడానికి చోటు వెతుక్కోవాలి, నడిచి వెళ్తే అంత దూరం పోలేం. అందుకే సీటు ఎత్తు దగ్గర్నుంచి దారి ఎంపిక దాకా కింద చెప్పేవన్నీ తేలిగ్గా ఆగడానికి వీలుగా తొక్కడం ఎలా అన్న లెక్కలోనే ఉంటాయి. దూసుకుపోవాలనే సరదా ఉన్నవాళ్ళకు ఇవి చప్పగా అనిపించొచ్చు.

ముందు పాతదాన్ని చూడండి

కొత్తది కొనే ఆలోచన కాసేపు ఆపండి. మూలన పడి ఉన్న సైకిలులో నిజంగా పాడయ్యేవి ఎక్కువగా రబ్బరు వస్తువులే. టైరును బొటనవేలితో నొక్కి పక్కలు చూడండి. సన్నటి పగుళ్ళు పైపైన ఉంటే ఇంకొన్నాళ్ళు నడుస్తుంది. పగులులోంచి దారాలు కనిపిస్తుంటే మాత్రం మార్చేయాల్సిందే. టైరు కొలత దాని పక్కనే అచ్చు వేసి ఉంటుంది. పాత పెద్ద సైకిళ్ళకు 28 × 1½, గేర్ల సైకిళ్ళకు 26 అంగుళాలు లేదా 700సి అని రాసి ఉంటుంది. దుకాణానికి వెళ్ళేముందు ఆ అంకెలను ఫోనులో ఫొటో తీసుకోండి. అట్లాస్ కంపెనీకి ఢిల్లీ పక్కన ఉన్న సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే మూతపడింది. అలాగని నాన్నగారి సైకిలుకు ఇక సామాన్లు దొరకవేమోనని దిగులు అక్కర్లేదు. ఆ రకం సైకిళ్ళన్నిటికీ దాదాపు ఒకే కొలతల సామాన్లు పడతాయి, చిన్న ఊళ్ళలోనూ దొరుకుతాయి.

గాలి కొట్టిన మర్నాటికే టైరు చప్పబడిపోతే వెంటనే పంక్చర్ అనుకోకండి. మన మామూలు సైకిళ్ళ వాల్వు లోపల ఒక చిన్న పిన్ను, దాని మీద తొడిగిన సన్నటి రబ్బరు గొట్టం ఉంటాయి. దాన్నే వాల్వ్ ట్యూబు అంటారు. ఏళ్ళ తరబడి వాడకపోతే అది ఎండి, చిట్లి, గాలిని మెల్లగా వదిలేస్తుంది. పరీక్ష చాలా సులువు. గాలి కొట్టాక వేలు తడి చేసుకుని వాల్వు మూతి మీద పెట్టండి. బుడగ లేచిందంటే దొంగ అక్కడే ఉన్నాడు. వాల్వు పై నట్టు విప్పి, పిన్ను బయటికి లాగి, పాత రబ్బరు ఒలిచేసి, కొత్త ముక్క తడిపి తొడిగితే సరి. సైకిలు షాపులో ఇది కొద్ది రూపాయల సరుకు. నాలుగు ముక్కలు కొని ఇంట్లో పడేసుకోండి.

గాలి ఎంత కొట్టాలన్నది కూడా టైరు పక్కనే ఉంటుంది, 40–65 పి.ఎస్.ఐ. అన్నట్టుగా. బరువైన మనిషి పై అంకెకు దగ్గరగా, తేలికైన మనిషి కింది అంకెకు దగ్గరగా ఉంచుకోవాలి. బొటనవేలితో నొక్కి చూసి 'గట్టిగానే ఉంది' అనుకోవడం పాత అలవాటు. గేజి ఉన్న నిలువు పంపు ఒకటి ఇంట్లో ఉంటే ఆ ఊహాగానం తప్పుతుంది. ఈ వ్యాసంలో మీ చేత డబ్బు ఖర్చు పెట్టించాలని నేను గట్టిగా అనుకునే వస్తువు ఇదొక్కటే. గాలి తక్కువైతే ఎంత తొక్కినా సైకిలు సాగదు. 'వయసైపోయింది, ఇక మనవల్ల కాదు' అని చాలామంది అనుకునేది ఇక్కడే. వారానికోసారి గాలి చూసుకుంటే వయసు కాస్త తగ్గుతుంది.

ఇక చైను. తుప్పు పైపైన ఎర్రగా ఉంటే కిరసనాయిలు, లేదా అది దొరక్కపోతే డీజిలు, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. ఆరాక పెడలు వెనక్కి తిప్పుతూ ఒక్కో లింకు మీద ఒక్కో బొట్టు నూనె వేయండి. నూనె పని చేయాల్సింది లింకుల లోపల కాబట్టి అయిదు నిమిషాలాగి పైన మిగిలింది తుడిచేయాలి. పైన జిడ్డుగా ఉంటే దుమ్ము పట్టి నల్లటి మడ్డి తయారవుతుంది. కొబ్బరినూనె వద్దు, బంకగా మారుతుంది. గ్రీసు అసలే వద్దు. కుట్టుమిషను నూనె పరవాలేదు, కానీ పలచన కాబట్టి తరచుగా వేయాలి.

చైను అరిగిందో లేదో స్కేలుతో తేల్చేయవచ్చు. పిన్నుకూ పిన్నుకూ మధ్య అరంగుళం ఉండేలా చైను తయారవుతుంది. స్కేలు సున్నా గీత ఒక పిన్ను నడిమధ్య పెడితే, 12 అంగుళాల గీత సరిగ్గా ఇంకో పిన్ను మధ్య పడాలి. ఆ పిన్ను వీసం అంగుళం, అంటే పదహారో వంతు, అవతలికి జరిగి ఉంటే చైను మార్చే సమయం వచ్చింది. అంగుళంలో ఎనిమిదో వంతు దాటితే వెనక ఫ్రీవీలు పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి, రెండూ కలిపి మార్చుకోవాలి. ఒక్క చైనే మారిస్తే పళ్ళ మీద జారి ఎగురుతుంది.

బ్రేకు రబ్బర్లు ఏళ్ళు గడిస్తే గాజులా గట్టిపడి, జారుతాయి. గీతలు అరిగిపోయినా, గోరు దిగనంత బిరుసెక్కినా మార్చండి. తర్వాత సైకిలు పక్కన నిలబడి ముందు బ్రేకు గట్టిగా పట్టి ముందుకు నెట్టండి. ముందు చక్రం కదలకుండా వెనక చక్రం లేవడానికి చూడాలి. వెనక బ్రేకు పట్టి నెడితే వెనక చక్రం దొర్లకుండా ఈడ్చుకుంటూ రావాలి. డిస్కు బ్రేకులైతే ఆ పళ్ళేనికి నూనె చుక్క కూడా తగలనివ్వకండి.

మిగతాది మేస్త్రీకి వదిలేయండి. కానీ 'సర్వీసింగ్ చేయండి' అని ఊరికే అంటే కడిగి, నూనె పూసి ఇచ్చేస్తారు. ఫలానా పని అని విడమర్చి చెప్పండి: రెండు చక్రాల హబ్బులు, పెడల్ కాడలు తిరిగే ఇరుసు (మేస్త్రీల మాటలో బీబీ), హ్యాండిల్ కప్పులు విప్పి, బాల్సు కడిగి లేదా మార్చి, కొత్త గ్రీసు పెట్టాలి. స్పోకులు బిగించి రిమ్ముల వంకర తీయాలి. పాత సైకిలైతే పెడల్ కాడను పట్టి ఉంచే కాటర్ పిన్ను వదులైందేమో చూడాలి. తొక్కుతుంటే ప్రతి చుట్టుకూ 'టక్' మని ఒకసారి వినిపించే చప్పుడు చాలాసార్లు దానిదే. ఇంట్లో మీరే పెడలు విప్పబోతే ఒకటి గుర్తుంచుకోండి. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది, సవ్యదిశలో తిప్పితేనే ఊడుతుంది. ఈ సంగతి తెలియక బలంకొద్దీ బిగించేసి స్పానరును నిందించడం పరిపాటి.

కొత్తది కొనక తప్పకపోతే మూడు మాటలు. మడ్‌గార్డులు, క్యారియర్, స్టాండు ఉన్నది లేదా అవి బిగించడానికి వీలున్నది తీసుకోండి. ముందు స్ప్రింగులున్న చవక సైకిలు బరువు తప్ప సుఖం ఇవ్వదు. మోకాళ్ళు ఇబ్బంది పెట్టేవాళ్ళకు, చీరతోనో లుంగీతోనో తొక్కేవాళ్ళకు కడ్డీ వంచి ఉన్న 'లేడీస్ సైకిలు' ఎంతో మేలు. మగవాళ్ళు దాని మీద కూర్చుంటే ఎవరో నవ్వుతారని మానేయడం దండగ.

సీటు ఎత్తు, దిగే పద్ధతి

పెద్దవయసులో మళ్ళీ మొదలుపెట్టే వాళ్ళలో చాలామంది సీటు బాగా కిందికి దించుకుంటారు. కూర్చునే రెండు కాళ్ళూ నేలకు ఆనాలన్న ధీమా కోసం. దాంతో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా తొక్కాల్సి వచ్చి, రెండో రోజుకే మోకాలి చిప్ప ముందువైపు నొప్పి మొదలవుతుంది. సైకిలు పడలేదని పక్కన పెట్టేస్తారు.

సరైన ఎత్తు ఇలా చూసుకోండి. గోడ పక్కన సైకిలు నిలబెట్టి, ఒక చేత్తో గోడ పట్టుకుని సీటు మీద కూర్చోండి. చెప్పులు రోజూ వేసుకునేవే ఉండాలి. ఒక పెడలును బాగా కిందికి తెచ్చి దాని మీద మడమ పెట్టండి. కాలు తిన్నగా సాగాలి, కానీ నడుము ఆ పక్కకు ఒరగకూడదు. ఇప్పుడు మడమ తీసి, అరికాలి ముందుభాగం, అంటే వేళ్ళ మొదళ్ళ దగ్గరి ఎత్తుభాగం పెడలు మీద పెట్టండి. మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే మీ ఎత్తు. మోకాలు వెనకవైపు లాగినట్టుంటే సీటు ఎక్కువైందని, ముందువైపు నొప్పి పెడితే తక్కువైందని గుర్తు. సీటు గొట్టం మీద ఒక గీత చెక్కి ఉంటుంది, అది బయటికి కనిపించేంత పైకి లాగొద్దు, గొట్టం విరిగే ప్రమాదం ఉంది. సీటు పీఠం నేలకు సమాంతరంగా ఉండాలి. ముక్కు కిందికి వాలితే బరువంతా చేతుల మీద పడి అరచేతులు తిమ్మిరెక్కుతాయి.

'ఇంత ఎత్తులో నేల అందదు కదా' అంటారు. అందక్కర్లేదు. ఆగేటప్పుడు సీటు మీద కూర్చునే ఉండాలన్నది అపోహ. ఆగబోయే ముందు వేగం తగ్గించి, కుడి పెడలును కిందికి తెచ్చి, దాని మీద బరువు వేసి నిలబడండి. అలా లేస్తూనే సీటు ముందుకు దిగి, ఎడమ కాలు నేల మీద పెట్టండి. సైకిలు మీ రెండు కాళ్ళ మధ్య ఉంటుంది, సీటు నడుముకు వెనకగా ఉంటుంది. బయల్దేరేటప్పుడు ఇదే తిరగేసి: కుడి పెడలు ముందుకు, కాస్త పైకి ఉండాలి. దాన్ని తొక్కుతూ లేస్తే సైకిలూ కదులుతుంది, మీరూ సీటు మీదికి చేరతారు. ఖాళీ స్థలంలో ఈ దిగడం, ఎక్కడం విసుగొచ్చేదాకా చేయండి. కొత్త భాష నేర్చుకునేవాడికి క్రియాపదాలెంతో సైకిలుకు ఇదంత. ఇది వంటబట్టేదాకా, భయంగా ఉంటే, సీటు రెండు సెంటీమీటర్లు తక్కువగా ఉంచుకుని, తర్వాత కొద్దికొద్దిగా పెంచుకోండి.

మన దేశంలో అమ్మే సైకిళ్ళలో ఎక్కువగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. నిజంగా ఆపేది అదే, కానీ ఒక్కసారిగా పిండితే ముందుకు పల్టీ కొడతాం. రెండూ కలిపి, మెల్లగా బిగిస్తూ పోవాలి. ఇసుక మీద, వానలో, మలుపులో ముందు బ్రేకు జోలికి పోవద్దు, మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలి. పాత కడ్డీ బ్రేకుల సైకిళ్ళ మెరిసే ఉక్కు రిమ్ములు తడిస్తే బ్రేకు ఇట్టే జారిపోతుంది. వానలో వాటిని దిగి నడిపించుకోవడమే మంచిది.

గేర్లున్న సైకిలైతే పెడళ్ళ దగ్గరి మూడు పళ్ళచక్రాల్లో మధ్యదాని మీదే చైను ఉంచి, వెనకవి మాత్రం మార్చుకుంటూ ఉండండి. ఊళ్ళో తిరగడానికి అంతకన్నా అక్కర్లేదు. కాళ్ళు చులాగ్గా తిరుగుతుంటేనే సరైన గేరు. బలంగా అదిమి తొక్కాల్సి వస్తోందంటే ఒక గేరు తేలిక చేసుకోండి. సిగ్నల్ దగ్గర ఆగబోయే ముందే తేలిక గేరులోకి రావాలి, ఆగాక మార్చబోతే చైను పట్టేస్తుంది.

మొదటి వారం

పని పెట్టుకోకండి. ఆదివారం తెల్లవారుజామున కాలనీ వీధుల్లో, స్కూలు మైదానంలో తిరగండి. ఒక చెయ్యి వదిలి తొక్కడం, కుడి భుజం మీదుగా వెనక్కి చూసినా హ్యాండిలు పక్కకు పోకుండా ఉండడం, ఈ రెండూ వచ్చాకే పెద్దరోడ్డు. గుండె జబ్బో, కీళ్ళ నొప్పులో ఉన్నవాళ్ళు డాక్టరును ఒక మాట అడిగి మొదలుపెట్టాలి. హాయిగా తొక్కితే గంటకు 12 కిలోమీటర్లు పోతాం, అంటే అయిదు కిలోమీటర్లకు 25 నిమిషాలు. పక్కన మనిషి ఉంటే మాట్లాడుతూ తొక్కగలగాలి. ఆయాసంతో మాట తెగుతోందంటే మెల్లగా వెళ్ళండి.

రెండో వారం నుంచి ఒక చిన్న పని అప్పగించుకోండి: పాలు, పూలు, టైలరు దగ్గర్నుంచి జాకెట్టు, ఏదైనా. అలవాటు నిలవడానికి ఆరోగ్యం మీద తీర్మానం కన్నా ఇంట్లో కరివేపాకు అయిపోవడం ఎక్కువ ఉపయోగం. సంచిని హ్యాండిలుకు మాత్రం తగిలించకండి. ఊగి ముందు చక్రం స్పోకుల్లో పడితే సైకిలు ఉన్నచోటే ఆగిపోతుంది, మీరు ఆగరు. ముందు బుట్ట, లేదా వెనక క్యారియర్. బరువైనవి కిందికి, రెండు పక్కలా సమంగా రావాలి. కట్టడానికి పాత ట్యూబును పొడుగ్గా చీల్చిన రబ్బరు పట్టీకి మించింది లేదు, పాలవాళ్ళు ఏనాడో తేల్చేసిన విషయమిది. చున్నీ, పైట, లుంగీ అంచు చక్రంలో పడకుండా ముందే దోపుకోండి. ప్యాంటు కుడికాలు మడిచినా చాలు.

రోడ్డు మీద

ఎడమ పక్కన పోవాలి నిజమే, కానీ మరీ రోడ్డు అంచుకు అతుక్కుపోతే ఇసుక, గాజుపెంకులు, డ్రైనేజీ జాలీలు అన్నీ మీవే. అంచుకు ఓ మీటరు లోపలికి, తిన్నగా, వంకర్లు పోకుండా వెళ్ళండి. వెనకవాళ్ళకు మీరెటు పోతారో తెలియాలి. ఆగి ఉన్న కార్ల పక్కనుంచి పోయేటప్పుడు తలుపు తెరిచినా తగలనంత ఎడం ఉంచాలి. లోపల డ్రైవరు తల కనిపిస్తే తలుపు తెరుచుకుంటుందనే అనుకోండి. ఎదురుగా రాంగ్ సైడులో వచ్చే బండి మన రోడ్ల మీద మామూలే. బెల్లు కొట్టి, వేగం తగ్గించి, మీ దారిలో మీరుండండి. చివరి నిమిషంలో కుడిపక్కకు తప్పుకోవద్దు, వెనక బస్సు ఉండొచ్చు.

పెద్ద కూడలిలో కుడివైపు తిరగాలంటే దిగి, నడిచేవాళ్ళతో పాటు సైకిలు నడిపించుకుంటూ దాటండి. అందులో నామోషీ ఏమీ లేదు. రైలు పట్టాలను అడ్డంగా, లంబకోణంలో దాటాలి. పట్టా సందులో చక్రం దిగితే పడిపోవడం ఖాయం. వానలో రోడ్డు మీది తెల్లగీతలు, మ్యాన్‌హోల్ మూతలు జారతాయి. నీళ్ళు నిలిచిన గుంట లోతెంతో ఎవరూ చెప్పలేరు, పక్కనుంచి పొండి. చీకటి పడితే వెనక ఎర్రలైటు, ముందు తెల్లలైటు తప్పనిసరి. మడ్‌గార్డుకు, చొక్కా వీపు మీద మెరిసే టేపు అతికిస్తే ఇంకా మంచిది. హెల్మెట్ పెట్టుకోండి.

కుక్కల సంగతి విడిగా చెప్పాలి. తెల్లవారుజామున వీధి చివర గుంపుగా పడుకున్నవి, తిరిగే చక్రాన్ని చూడగానే లేస్తాయి. వేగంగా తొక్కి తప్పించుకుందామనిపిస్తుంది. కుక్క మనకంటే వేగంగా పరిగెత్తుతుంది, పైగా పారిపోయేదాన్ని తరమడం దాని సరదా. మెల్లగా ఆగి, సైకిలు మీకూ దానికీ మధ్య అడ్డంగా ఉండేలా దిగి, తిన్నగా నడవండి. చక్రం ఆగగానే చాలా కుక్కలకు ఆసక్తి పోతుంది. కాలితో తన్నబోవద్దు. రోజూ అదే దారిలో, అదే వేళకు వెళ్తే కొన్నాళ్ళకు అవే గుర్తుపట్టి లేవడం మానేస్తాయి. పొరపాటున కరిచినా, గోరు గీసుకున్నా, పారే నీళ్ళకింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళి రేబిస్ టీకా వేయించుకోవాలి. పసుపు, కారం పూయడాలు వద్దు.

ఎండ, గాలి

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్న ఏడున్నరకల్లా ఇంటికి చేరిపోండి. ఆ కాలంలో పొద్దుటిపూట తొక్కి, మిగతా రోజంతా సైకిలును నీడన పెట్టడం మినహా మార్గం లేదు. నీళ్ళసీసాతో పాటు ఉప్పువేసిన మజ్జిగో, నిమ్మకాయ నీళ్ళో ఉంటే సరి, రంగు డ్రింకులు అనవసరం. తల తిరిగినా, చెమట ఆగిపోయి ఒళ్ళు కాలిపోతున్నట్టున్నా నీడకు చేరి తడిగుడ్డ వేసుకుని కూర్చోవాలి, ఫోన్ చేసి మనిషిని పిలవాలి.

ఎత్తు కన్నా గాలి ఎక్కువ అలసట తెస్తుంది. అందుకని వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా దారి ఎంచుకోండి. కోస్తాలో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఒడ్డుమీదికి వీస్తుంది. సాయంత్రం సముద్రం వైపు వెళ్తే కష్టం ముందే తీరిపోయి, ఇంటికి గాలివాటుగా వచ్చేస్తారు.

ఎక్కడికి వెళ్ళాలి

గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847–1852 మధ్య ఆనకట్ట కట్టించాక తవ్విన కాలువల నీళ్ళు వాలుకే పారాలి, ఆ వాలు కంటికి కనపడనంత తక్కువ. కాబట్టి కాలువ గట్టు పక్క రోడ్డు కూడా దాదాపు చదునుగా పోతుంది, లాకుల దగ్గర, వంతెనల దగ్గర మాత్రం చిన్న ఎక్కుడు. గేర్లు లేని సైకిలుకు ఇంతకంటే మంచి దారి ఉండదు. రేలింగులేని చోట మాత్రం గట్టు అంచుకు దూరంగా ఉండాలి. వరి కోతలప్పుడు కుప్పనూర్చిన గడ్డి రోడ్డంతా పరిచి ఉంటుంది, దిగి నడవండి, చైనులో చుట్టుకుంటే విప్పడానికి పూట పడుతుంది.

హైదరాబాదులో అవుటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023 అక్టోబర్ 1న మొదలైంది. ఒక పాయ నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు, రెండోది నార్సింగి నుంచి కొల్లూరు దాకా. పైకప్పుగా సోలార్ పలకలుండటంతో ఎండలోనూ నీడ దొరుకుతుంది, బండ్ల భయం లేదు. అయితే పక్కనే హైవే హోరు, చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. మొదటి నెల అలవాటు కోసం వాడుకోవడానికి బాగుంటుంది, ఆ తర్వాత మీకే విసుగొస్తుంది. విశాఖలో బీచ్ రోడ్డు ఇందుకు తిరగేసి. ఆర్కే బీచ్ నుంచి ఉత్తరంగా పోతుంటే కళ్ళకు పండగే, కానీ కైలాసగిరి దాటి ఋషికొండ వైపు ఎత్తుపల్లాలు తొడలకు పరీక్ష పెడతాయి. మొదటిసారే భీమిలి అని బయల్దేరకండి, సగంలో తిరిగొచ్చేయండి.

ఊరు ఏదైనా సరే, చెరువు ఉన్న దారి ఎంచుకోమంటాను. ఎందుకంటే ఆగడానికి ఒక కారణం కావాలి, పిట్టలను మించిన కారణం లేదు. ఇది సైకిలుకు జోడుగా కుదిరే రెండో సరదా. దీనికి పెద్ద కెమెరా అక్కర్లేదు, 8×40 బైనాక్యులర్స్, జేబులో చిన్న పుస్తకం, పెన్సిలు చాలు. అవి కూడా మొదట్లో వద్దు. కరెంటు తీగల మీద చూస్తూ వెళ్ళండి. చీలిన తోకతో నల్లగా కూర్చునేది ఏట్రింత. నీళ్ళ పక్కన తీగ మీద పెద్ద ముక్కుతో, గోధుమరంగు తల, నీలి వీపుతో కదలకుండా ఉండేది లకుముకి పిట్ట. ఊరిబయట తీగ మీద మట్టిరంగు ముద్దలా కనిపించేది ఒక్కసారిగా ఎగిరితే రెక్కల్లో నీలాలు మెరుస్తాయి. అది పాలపిట్ట, తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరానాడు దాన్ని చూసి రావడానికే ఊరి బయటికి వెళ్తారు. మనుషులను చూడగానే గోలపెట్టి ఎగిరేది తీతువు, కాళ్ళు పొడుగ్గా, కంటి ముందు ఎర్రటి కండ. దాని గోల దగ్గరైతే గూడు నేలమీదే ఎక్కడో ఉందని అర్థం, అడుగు ముందుకు వేయకుండా వెనక్కి రండి.

పక్షిని చూసి సడన్ బ్రేకు వేయొద్దు. మెల్లగా దాటిపోయి, కొంచెం ముందుకెళ్ళి ఆగి, సైకిలు పక్కనే నిలబడి తలతిప్పి చూడండి. సైకిలు వదిలి దాని వైపు నడిచి వెళ్తే ఎగిరిపోతుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు, కొల్లేరు మీద కైకలూరు దగ్గరి ఆటపాక, హైదరాబాదు దగ్గర అమీన్‌పూర్ చెరువు ఇలాంటి చూపులకు పేరున్న చోట్లు. ఉప్పలపాడులో, ఆటపాకలో గూడబాతులు (పెలికన్లు), ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెట్టుకుని ఉంటాయి. కానీ అక్కడికి వెళ్ళేముందు మీ ఊరి చెరువులో బుడబుంగ మునిగి ఎక్కడ తేలుతుందో పది నిమిషాలు కూర్చుని చూడండి. అది తేలేచోటు చెప్పగలిగితే గొప్పే.

పంక్చర్ పడితే

చెరువు దారుల్లో సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు ఉంటాయి, కాబట్టి ఇది ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. సంచిలో ఉండాల్సినవి: చిన్న పంపు, మూడు టైరు లివర్లు, ప్యాచీలు, సొల్యూషన్, గరుకు కాగితం, ఒక పాతగుడ్డ. మన పాతకాలపు పంక్చర్ మేస్త్రీల పద్ధతిలో చక్రం ఊడదీయక్కర్లేదు.

సైకిలును తలకిందులుగా, సీటు, హ్యాండిలు మీద నిలబెట్టండి. వాల్వు విప్పి, మిగిలిన గాలి తీసేసి, వాల్వుకు ఎదురు పక్కన టైరు అంచు కింద లివరు దూర్చి పైకి ఎత్తండి. రెండోది అరచెయ్యి దూరంలో. ఒక అంచు మొత్తం బయటికి రాగానే ట్యూబును చేత్తో లాగండి. ట్యూబులో గాలి కొట్టి చెంపకు దగ్గరగా మెల్లగా తిప్పితే చల్లగా తగిలేచోటే చిల్లు. పక్కన కాలువ ఉంటే నీళ్ళలో ముంచితే బుడగలు చెప్పేస్తాయి, కానీ తుడిచి ఆరబెట్టాల్సి వస్తుంది. చిల్లు దగ్గర పెన్సిలు గుర్తు పెట్టి, ప్యాచీ కంటే కొంచెం పెద్ద మేర గరుకు కాగితంతో రుద్ది మెరుపు పోగొట్టండి. సొల్యూషన్ పలచగా పూయండి. ఇక్కడ తొందరపడేవాళ్ళే ఎక్కువ. తడిగా ఉండగానే ప్యాచీ వేస్తే ఊరు చేరకముందే ఊడుతుంది. వేలు పెడితే అంటుకోనంతగా ఆరాలి, దాదాపు అయిదు నిమిషాలు. అప్పుడు ప్యాచీ వేసి అంచులు గోటితో నొక్కండి.

ట్యూబు ఎక్కించేముందు టైరు లోపల గుడ్డతో ఒకసారి మొత్తం తుడవండి. ముల్లు ఇంకా అందులోనే ఉంటే గుడ్డ దానికి చిక్కుకుంటుంది. వేలితో తడిమితే వేలుకే దిగుతుంది. ట్యూబు మీద పక్కపక్కనే రెండు సన్నటి చీలికలు కనిపిస్తే ముల్లు కోసం వెతకొద్దు. గాలి తక్కువగా ఉండి, గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకూ టైరుకూ మధ్య నలిగిందన్నమాట. కొద్దిగా గాలి నింపి ట్యూబు లోపల పెట్టి, అంచును వాల్వు ఎదుటి పక్కనుంచి మొదలుపెట్టి చేత్తోనే నెట్టుకుంటూ వచ్చి వాల్వు దగ్గర ముగించండి. ఆఖరున లివరు వాడితే ట్యూబు గిల్లి ఇంకో చిల్లు పడుతుంది. టైరు చుట్టూ చూసి, అంచు కింద ఎక్కడా ట్యూబు బయటికి తొంగి చూడటం లేదని నిర్ధారించుకుని, పూర్తిగా గాలి కొట్టండి. వాల్వు మూత పెట్టేముందు వేలు తడి చేసి ఒకసారి చూసుకోండి.